వినడానికి నీకు తీరికేదీ అన్నారు

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో పంపకాలు జరిగాయి. పొలం సంగతి ఎప్పుడో తేలిపోయింది, మిగిలింది సామాను. మావయ్యగారు పోయి ఏడాది దాటింది, ఇక ఆయన గది ఖాళీ చేద్దామని హైదరాబాదు నుంచి బావగారు, బెంగళూరు నుంచి మరిది చల్లపల్లి వచ్చారు. ఇత్తడి గంగాళం ఒకరికి, టేకు బీరువా ఇంకొకరికి. పందిరిమంచం ఎవరి ఫ్లాట్లోనూ పట్టదు కాబట్టి మాకు. అంతా సవ్యంగానే సాగింది, రికార్డుల పెట్టె దగ్గరికి వచ్చేదాకా.

రికార్డులంటే పాటల రికార్డులు. పెద్ద నల్ల పళ్ళేల్లాంటివి. నూట ఇరవై దాకా ఉన్నాయి. బావగారు కాగితం మీద "నాన్నగారి రికార్డులు, అమ్మకం" అని రాసేశారు. "విజయవాడలో ఒకాయన కొంటాడట, ఫొటోలు పంపాను, మొత్తం గుత్తంగా తీసుకుంటానన్నాడు" అన్నారు. అందరూ తలలూపారు. కాఫీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన నేను అక్కడే నిలబడి, "అవి నాకు కావాలి బావగారూ" అన్నాను.

"నీకెందుకమ్మా అవి?" అన్నారాయన, కోపంగా ఏమీ కాదు, నిజంగానే అర్థంకాక.

"వినడానికి."

మరిది నవ్వాడు. మావారు కూడా నవ్వి, "వినడానికి నీకు తీరికేదీ?" అన్నారు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నన్ను ఇంతకంటే పెద్ద మాటలన్న సందర్భాలున్నాయి. ఏదీ ఇంత గుచ్చుకోలేదు. ఎందుకంటే మావారు వెటకారంగా అనలేదు. తెల్లవారుజామున అయిదింటికి లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి పాటెప్పుడు వింటుందని ప్రేమగానే అడిగారు. ఆ ప్రేమ మీదే నా తగవు.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. మావయ్యగారు రైస్‌మిల్లులో గుమాస్తా. పెళ్ళయిన కొత్తలో హెచ్.ఎం.వి. ఫియస్టా ప్లేయరు ఒకటి కొన్నారు. మిల్లు పని మీద బెజవాడ వెళ్ళినప్పుడల్లా బెసెంటు రోడ్డులో ఒక రికార్డు కొని, అట్ట మీద మూలగా తన పేరు, కొన్న తేదీ సిరాతో రాసుకునేవారు. సాయంత్రం స్నానం చేసి, మడత పంచె కట్టుకుని, రికార్డు అంచులు రెండు అరచేతుల మధ్య పట్టుకుని పళ్ళెం మీద పెట్టేవారు. ముల్లు ఆనించాక పడక్కుర్చీలో కళ్ళు మూసుకునేవారు. ఆయన మంచి రసికుడు. ఆయన్ని నేను తప్పుపట్టను, పాటను అంత మర్యాదగా వినడం నేను ఆయన దగ్గరే చూశాను.

కాని ఆ ఇంట్లో ఒక శాసనం ఉండేది. "ఆడవాళ్ళు ముట్టుకోవద్దు, గీత పడుతుంది." అలమర తుడిచేది అత్తయ్యగారే. వానాకాలం అట్టలకు బూజు పడితే ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టిందీ ఆవిడే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రాత్రి మావయ్యగారు మిల్లులో చిక్కుకుపోతే, ఇక్కడ పెంకులు లేచిపోతున్న ఇంట్లో చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఆ పెట్టెను మంచం కిందికి లాగి, ఇటుకల మీదికెత్తి, పిల్లాడి కింద వేసే రబ్బరు షీటు దానిమీద కప్పిందీ ఆవిడే. ఆ చంటిపిల్లాడే ఇప్పుడు కాగితం మీద "అమ్మకం" అని రాసిన బావగారు. ఆ రాత్రి మనకు అయిదారు కోసుల దూరంలో వేలమంది ప్రాణాలు పోయాయి, ఆ దుఃఖం ముందు పాటల పెట్టె ఎంత అని అత్తయ్యగారు ఈ మాట ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. నేను అడిగితే చెప్పారు, అంతే.

అంటే దుమ్ము దులిపే చేతి వల్ల గీత పడదు. తుఫానులో మోసే చేతి వల్ల పడదు. పాట పెట్టే చేతి వల్ల మాత్రం పడుతుంది! ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఇంకో చిత్రం వినండి. మన దేశంలో రికార్డుకెక్కిన తొలి గొంతులు ఎవరివో తెలుసా? ఆడవాళ్ళవి. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అనే దొర లండన్ నుంచి యంత్రం మోసుకుని కలకత్తా వచ్చినప్పుడు ముందుగా పాడింది శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరమ్మాయిలు. ఆ వెంటనే గౌహర్ జాన్. ఆవిడ ప్రతి రికార్డు చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ అచ్చులు జర్మనీ వెళ్ళి తయారయ్యేవి, అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియాలి కదా. పెద్ద పెద్ద ఉస్తాదులు ఆ యంత్రం ముందు పాడటానికి వెనకాముందాడుతున్న కాలంలో, మూడు నిమిషాల్లో పాట ముగించి పేరు చెప్పుకున్న ధైర్యం ఆడదానిది.

మరి ఆ ధైర్యం మన ఇళ్ళల్లోకి ఎందుకు రాలేదు? పాడింది కళావంతులు, వేశ్యలు అని పేరుపడిన స్త్రీలు. పాడే ఆడది సంసారి కాదు, సంసారి అయిన ఆడది పాడదు. ఇదీ అప్పటి లెక్క. పాటను ప్రేమించే మగవాడు రసికుడయ్యాడు, పాటను ప్రేమించే ఇల్లాలికి పేరే లేకుండా పోయింది. ఎక్కడో కలకత్తా దాకా ఎందుకు? క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి మువ్వ మాకు పక్కనే. ఆ పదాల్లో మాట్లాడేది నాయిక, అలిగేది నాయిక, నిలదీసేది నాయిక. వాటిని గొంతులో దాచి తరాలు దాటించింది దేవదాసీలు. కూచిపూడీ మాకు దగ్గరే. అక్కడ నిన్నమొన్నటిదాకా సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామాకలాపం చూసినవాళ్ళు ఆ జడ, ఆ వాలుచూపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ప్రతిభకు నమస్కారం. నేనడిగేది ఒక్కటే. భామ అలకను అభినయించడానికి మగవాడికి అంత సాధన చేసే సమయం ఇచ్చిన ఈ సీమ, అసలు భామకు కూర్చుని పాట వినే సమయం ఎందుకివ్వలేదు?

పంపకాల రోజు నా మాట నెగ్గలేదు. అత్తయ్యగారి మాట నెగ్గింది. ఆవిడ పప్పు రుబ్బిస్తూ వంటింట్లోంచే, "ఆ పెట్టె ఎవరూ కదపొద్దు. అమ్మాయి వింటానంటోందిగా" అన్నారు. బావగారు కాగితం మీద ఆ వరుస కొట్టేశారు. పండగ వెళ్ళాక ఫియస్టాను బెజవాడ పంపి బాగుచేయించాను, కొత్త ముల్లు వేయించాను. పాల డబ్బుల్లోంచి మిగిల్చుకున్నవే, ఎవర్నీ అడగలేదు.

అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం రెండున్నరకు ఒక రికార్డు, ఒక వైపు. చేతిలో చిక్కుడుకాయలు ఉండవు, మడతపెట్టాల్సిన బట్టలు ఉండవు, ఫోను ఉండదు. ఉత్త చేతులు.

మొదట పెట్టింది లవకుశ. 1963లో వచ్చిన సినిమా, తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం. మా అత్తయ్యగారి అమ్మ బండి కట్టించుకుని వెళ్ళి చూసి, సీతమ్మ కష్టానికి ఏడ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళిందట. ఘంటసాలగారు సంగీతం చేసిన ఆ సినిమాలో లవుడికీ కుశుడికీ పాడింది పి.లీల, పి.సుశీల. చిన్నప్పటినుంచీ విన్న పాటలే, కాని ఎప్పుడూ వాటిని ఇద్దరు పిల్లల పాటలుగానే విన్నాను. ఈసారి కదలకుండా కూర్చుని వింటే ఇద్దరు స్త్రీల గొంతులు వినిపించాయి. రాముడి సభలో తల్లి తరఫున నిలబడి కథ చెప్పడానికి ఇద్దరు ఆడవాళ్ళు మగపిల్లల రూపంలో వెళ్ళినట్టుంది! సీత తన మాట తాను చెప్పుకోలేని చోట ఆ గొంతులు చెప్పాయి. సుశీలగారి పేరు 2016లో 17,695 పాటలతో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అన్ని పాటలు పాడిన గొంతును మనం ఎన్నిసార్లు ఊరికే కూర్చుని విన్నాం?

రెండోది ఘంటసాలగారి భగవద్గీత. ఆయన మా జిల్లావారే, గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ప్రాణం బాగాలేని రోజుల్లో పాడిన గీత అది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక బయటికొచ్చింది. ఆ రికార్డు తీయగానే పనమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరన్నా పోయారా అమ్మా?" అంది. దాని తప్పేముంది? వైకుంఠ రథం వెళ్తుంటే మైకులో అదే, శవం లేచేదాకా వాకిట్లో అదే. యుద్ధం చేయలేనని చతికిలబడ్డవాడికి లేచి నీ పని నువ్వు చెయ్యమని చెప్పిన మాటలను, ఇక ఏ పనీ చేయలేని మనిషి ముందు మోగించే పాటగా మార్చేశాం. బతికున్నవాళ్ళు, అందులోనూ దిగులుతో మంచం దిగలేని ఆడవాళ్ళు, వినాల్సిన రికార్డు అది. ఇంట్లో పెడితే అశుభమన్నారు. నేను పెట్టాను. ఏ అశుభమూ జరగలేదు, ఆ సాయంత్రం నాకు నడుం నొప్పి కూడా గుర్తురాలేదు.

మూడోది శంకరాభరణం. 1980 నాటిది. కె.వి.మహదేవన్‌గారి సంగీతం. బాలుగారికీ వాణీ జయరామ్‌గారికీ ఇద్దరికీ జాతీయ పురస్కారం తెచ్చింది. ఈ కథను అందరూ శంకరశాస్త్రి కథ అంటారు. నాకు అది తులసి కథ. వేశ్య కడుపున పుట్టి, పాట కోసం తపించి, లోకం ఏమన్నా గురువు పాట వినడం మానని ఆడది. శాస్త్రిగారు పాడటంలో గొప్ప, తులసి వినడంలో గొప్ప. ఆ వినడమే లేకపోతే ఆయన విద్య ఆయనతోనే పోయేది.

ఆ రోజు అత్తయ్యగారిని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చి పడక్కుర్చీలో కూర్చోబెట్టాను. "నాకెందుకే, వంటింట్లోంచి వినబడుతుందిగా" అన్నారు. నలభై ఏళ్ళపైన ఆవిడ ఆ రికార్డు అలాగే విన్నారు, తాలింపు చిటపటల్లోంచి, మిక్సీ రాకముందు రుబ్బురోలు చప్పుళ్ళోంచి. ప్రతి పాటా ఆవిడకు వరస తప్పకుండా వచ్చు. కళ్ళు మూసుకుని వింటున్న మనిషి సగంలో కళ్ళు తెరిచి, "ఇందులో వీణ ఉందా అమ్మాయ్?" అన్నారు.

ఉంది అత్తయ్యగారూ. మొదటినుంచీ ఉంది.

నేను లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయాను. ఆవిడ ముందు ఏడవడం ఇష్టంలేక.

ఇప్పుడు నాకు సలహాలిచ్చేవాళ్ళకు సమాధానం చెప్తాను. మొదటిది, "అవన్నీ ఫోనులో ఉన్నాయిగా, గరగర కూడా ఉండదు". నిజమే. పాత రికార్డు శబ్దమే దివ్యమైనదని నేనేం వాదించను, మా రికార్డులు కొన్ని వేరుసెనక్కాయలు వేయిస్తున్నట్టుంటాయి. కాని ఫోనులో పాటతోపాటు పాలవాడూ, స్కూలు గ్రూపూ, ఆడపడుచు వీడియో కాలూ వస్తారు. ఫోను మన చేతిలో ఉందంటే మనం అందరికీ అందుబాటులో ఉన్నట్టే. ముల్లు తిరుగుతున్నప్పుడు హాల్లో కూర్చున్న మనిషిని చూస్తే ఇంట్లోవాళ్ళకు ఒకటి అర్థమవుతుంది, "ఆవిడ వింటోంది" అని. ఒక వైపు 20 నిమిషాల పైచిలుకు. ఆ కాసేపు నేను ఎవరికీ దొరకను. ఆ హక్కు ఫోను నాకు ఇవ్వలేదు.

రెండోది, "ఆడవాళ్ళు పని చేసుకుంటూ వింటారుగా". ఇది అన్నిటికంటే తియ్యటి విషం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైననాటినుంచీ మన వంటిళ్ళకు తోడు. భక్తిరంజనితో పొయ్యి వెలిగించినవాళ్ళమే మనమంతా. రేడియోకు నేను రుణపడి ఉన్నాను. కాని పనిలో తోడు వేరు, పాట వినడం వేరు. ఎడ్లకు కూడా బండి లాగేటప్పుడు గంటలు కడతారు, ఎడ్లు సంగీతం వింటున్నాయని ఎవరూ అనరు.

మూడోది తీరిక. 2019లో కేంద్ర ప్రభుత్వం మన దేశంలో ఎవరు రోజుకు ఎంతసేపు ఏం చేస్తున్నారో లెక్కలు తీయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్ళు ఇందులో లేరు, వాళ్ళే ఎక్కువమంది! "నీకు తీరికేదీ" అన్న ప్రశ్నకు సమాధానం అక్కడుంది. నా తీరిక ఎక్కడికీ పారిపోలేదు, ఇంట్లోనే ఇంకొకరి పడక్కుర్చీలో కూర్చుంది. మావయ్యగారు కళ్ళు మూసుకుని వినగలిగారంటే, ఆ వేళకు అన్నం వండుతున్న మనిషి ఒకరు వంటింట్లో ఉన్నారు కాబట్టి. రసికతకు కూడా పని మనిషి కావాలి, ఆ మాట రికార్డు అట్ట మీద ఎవరూ రాయరు.

ఇక రికార్డులను వేడినీళ్ళలో వంచి పూలకుండీలు చెయ్యమనీ, మధ్యలో ముల్లులు పెట్టి గోడగడియారం చెయ్యమనీ వీడియోలు పంపేవాళ్ళున్నారు. పంపేది మన ఆడవాళ్ళే. తల్లులారా, మీకో దణ్ణం. పాడే వస్తువును మన చేతికిచ్చినా దాంతో ఇల్లు సర్దడమే మనకు తడుతోందంటే, మనల్ని ఎంత బాగా తయారుచేశారో చూడండి!

కోపం మావారి మీద మొదలుపెట్టి మీమీదికి వచ్చానని అనుకోకండి, నామీదికి కూడా వస్తున్నాను. మొదటి వారం ఆ కుర్చీలో నాకు కుదురే లేదు. పాట నడుస్తుంటే పెరట్లో ఆరేసిన వడియాలు గుర్తొచ్చాయి. ఎవరో చూస్తున్నారేమో, పనీపాటా లేదనుకుంటారేమో అని సిగ్గేసింది. "పనీపాటా" అంటాం చూడండి, ఆ జంటలో పని మనకిచ్చి పాట వాళ్ళు ఉంచుకున్నారు. బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, ఈ మాట ఇన్నేళ్ళూ నోటితో అంటూ కూడా చెవితో వినలేదు. ఖాళీగా కూర్చోవడం తప్పని నాకు ఏ మగవాడూ ఎదురుగా నిలబడి చెప్పలేదు. మా అమ్మ చెప్పింది. ఆవిడకు వాళ్ళమ్మ. నేను మా అమ్మాయికి చెప్పబోతూ ఆగాను, అదీ ఈ మధ్యనే.

మావారి సంగతి చెప్పకపోతే అన్యాయం. మొదట్లో రెండున్నరకు టీ అడిగేవారు. "పాట అయ్యాక" అనేదాన్ని. నాలుగు రోజులు మొహం మాడ్చుకుని, అయిదో రోజు తనే పెట్టుకున్నారు. చక్కెర డబ్బా ఎక్కడుందో ఇరవై రెండేళ్ళకు తెలిసింది. ఇప్పుడు ఒక్కోసారి నాకూ ఒక కప్పు తెచ్చి, ఏమీ మాట్లాడకుండా పక్కన పెట్టి వెళ్తున్నారు. ఇది విజయం అనను, మొదలు అంటాను. ఇంకా రాత్రి గిన్నెలు అలాగే ఉన్నాయి.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి పెట్టె ఉంటే దింపండి. రికార్డులు ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి, వంగిపోతాయి, పుస్తకాల్లా నిలబెట్టండి. బూజు ఉంటే మెత్తటి గుడ్డతో, చుక్క సబ్బునీళ్ళతో వలయాల వెంటే తుడవండి, మధ్యలో కాగితం తడపకండి. 78 వేగంతో తిరిగే పాతకాలపు బరువు రికార్డులకు మాత్రం స్పిరిటు తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, మన గాజుల్లో వాడే లక్కే, స్పిరిటుకు కరిగిపోతాయి. రికార్డులు లేనివాళ్ళు ఫోనులోనే వినండి, కాని ఫోను బోర్లించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినండి. ఎవరన్నా "ఏం చేస్తున్నావ్?" అని అడిగితే "ఏం లేదు" అనకండి. "వింటున్నాను" అనండి.

గీత పడుతుందంటారా? మా లవకుశ మీద మొన్న నా చేతిలోనే ఒకటి పడింది. అత్తయ్యగారు చూసి, "మీ మావయ్యగారి చేతిలో పడ్డవి ఇంకా నాలుగున్నాయిలే, ఆయన ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

ఇవాళ పుష్పవిలాపం పెట్టమన్నారావిడ. పొద్దున్నే పూజకు పూలు కోసే మనిషికి అది వినాలనిపించింది ఎందుకో. రెండున్నర కావొస్తోంది, ఉంటాను.